అలంకరణ పొదలపై పురుగులు, వాటి నివారణ (నిజామాబాదు - బోధన్ ప్రాంతం)

అలంకరణ పొదలు అనగా ఇంటి ముంగిట, పాఠశాలల ప్రహరీల వెంట, ఉద్యానవనాలలోను, రహదారి మధ్యభాగాలలోను అందం కొరకు, కంచె కొరకు, పూల కొరకు పెంచే గుబురు మొక్కలు. మందార, గన్నేరు, నందివర్ధనం, నూరువరహాలు, కాగితపు పూలు, గులాబి, మల్లె, క్రోటన్, అకాలిఫా, డురంటా, గోరింట, పొట్టి ఫైకస్ మొదలైనవి తెలంగాణలో సాధారణంగా కనిపించే పొదలు. కూరలో వాడే కరివేపాకు, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు కూడా ఈ కోవలోకి వస్తాయి. ఈ మొక్కలపై బ్రతికే పురుగులను సరిగా గుర్తించడం, మనుషులకు, తేనెటీగలకు, మిత్ర పురుగులకు హాని కలగకుండా వాటిని అదుపులో ఉంచడం ఈ వ్యాసం యొక్క విషయం. ఉదాహరణలు ముఖ్యంగా నిజామాబాదు పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం నుండి తీసుకొనబడినవి.

పొలంలోని పైరుకు, ఇంటి పొదకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. పైరుపై మందు చల్లిన తరువాత కొన్నాళ్ళు ఎవరూ అటు వెళ్ళకుండా చూడవచ్చు. ఇంటి ముందరి మందార పువ్వును తెల్లవారే సరికి పూజకు కోస్తారు. కరివేపాకును ఆ పూటే పోపులో వేస్తారు. బతుకమ్మ రోజులలో పిల్లలు తంగేడు పూలను ఒడినిండా కోసి తెస్తారు, ఆ పూలు చివరకు చెరువు నీటిలో కలుస్తాయి. కాబట్టి పొలానికి చెప్పిన మందునే పొదకు చల్లడం ఎల్లప్పుడూ సరియైన పద్ధతి కాదు.

ప్రాంత పరిస్థితులు

నిజామాబాదుకు ఇందూరు అని పూర్వనామం. గోదావరి, మంజీర నదుల మధ్య ఉన్న ఈ ప్రాంతంలో నల్లరేగడి, ఎర్ర నేలలు రెండూ ఉన్నాయి. మంజీర నదిపై 1923 - 1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్ ప్రాజెక్టు వలన బోధన్ పరిసరాలకు కాలువ నీరు వచ్చి వరి, చెరకు సాగు విస్తరించింది. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు విస్తీర్ణం తగ్గిన చోట వరి, సోయాచిక్కుడు, మొక్కజొన్న, పసుపు సాగవుతున్నాయి.

నిజామాబాదులోని తిలక్ గార్డెన్, నిజామాబాదు - బోధన్ మార్గానికి చేరువలోని అలీసాగర్ ఉద్యానవనం ఈ ప్రాంతంలో అలంకరణ మొక్కలను చూడదగిన చోట్లు. 2015 జూలైలో ప్రారంభమైన హరితహారం కార్యక్రమం తరువాత గ్రామాలలో సైతం నర్సరీలు ఏర్పడి పూల మొక్కలు, కంచె మొక్కలు విరివిగా నాటబడ్డాయి. ఒకే రకం మొక్కను బారులుగా నాటిన చోట పురుగు ఒక మొక్క నుండి మరొక మొక్కకు సులభంగా ప్రాకుతుంది. నర్సరీ నుండి తెచ్చిన మొక్కతోనే పిండినల్లి, పొలుసు పురుగులు కొత్త తోటకు చేరడం కూడా సాధారణం.

వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ వరకు చేరే ఈ ప్రాంతంలో ఎండకాలమంతా పిండినల్లి, ఎర్రనల్లి ఎక్కువగా ఉంటాయి. వానాకాలంలో గొంగళి పురుగులు, వేరు పురుగులు, చలికాలంలో పేనుబంక ప్రబలుతాయి.

పురుగు నష్టమా, మరొక కారణమా?

ఆకు పసుపు రంగుకు మారినంత మాత్రాన అది పురుగు పని అని నిర్ణయించరాదు. బోధన్ వైపు నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ. అటువంటి నేలలో ఆమ్ల గుణమున్న నేలను కోరే నూరువరహాల మొక్కకు ఇనుము అందక లేత ఆకులు పసుపు రంగుకు మారుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. దీనికి పురుగు మందు ఎంత చల్లినా ప్రయోజనం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై పిచికారి చేయాలి. నేలలో పశువుల ఎరువు బాగా వేయాలి.

నీరు నిలిచిన చోట ముదురు ఆకులు పండి రాలిపోతాయి. నీటి ఎద్దడిలో మందార మొగ్గలు రాలుతాయి. వేసవి ఎండకు ఆకు అంచులు మాడుతాయి. గులాబి, కాగితపు పూల ఆకుల అంచులలో కత్తెరతో కోసినట్లు గుండ్రని ముక్కలు లేకపోతే అది ఆకు కత్తిరించే తేనెటీగ పని. అది ఆ ముక్కలతో తన పిల్లలకు గూడు కట్టుకుంటుంది, ఆకును తినదు. దీనివలన మొక్కకు చెప్పుకోదగిన నష్టం లేదు, నివారణ అవసరం లేదు.

పరిశీలించే పద్ధతి

పొదను పైనుండి చూస్తే పురుగు కనిపించదు. ఈ క్రింది వరుసలో చూడడం మంచిది.

1. ఆకు అడుగు భాగం: తెల్లదోమ, పేనుబంక, ఎర్రనల్లి సాధారణంగా ఇక్కడే ఉంటాయి.
2. లేత చిగురు, మొగ్గ: పేనుబంక, తామర పురుగులు, పిండినల్లి, మొగ్గతొలుచు పురుగు.
3. కొమ్మల పంగలు, కాండం: పొలుసు పురుగులు, పిండినల్లి.
4. మొక్క క్రింద నేల: గొంగళి పురుగు పెంటికలు, చీమల బారులు, మట్టి గూళ్ళు.
5. మొదలు, వేర్లు: చెదలు, వేరు పురుగు.

ఒక తెల్ల కాగితాన్ని కొమ్మ క్రింద పట్టి కొమ్మను గట్టిగా తడితే చిన్న పురుగులు కాగితంపై రాలుతాయి. కదిలే చుక్కలను భూతద్దంతో చూడాలి. ఆరు కాళ్ళు ఉంటే కీటకం. ఎనిమిది కాళ్ళు ఉంటే నల్లి లేదా సాలెపురుగు. ఈ తేడా విద్యార్థులకు పాఠంలో వచ్చేదే అయినా ఇక్కడ దానికి ఆచరణలో విలువ ఉంది. చాలా కీటకనాశక మందులు నల్లిపై పనిచేయవు, పైగా నల్లిని తినే మిత్రులను చంపి దానిని పెంచుతాయి.

రసం పీల్చే పురుగులు

ఇవి సూదివంటి నోటితో మొక్క రసాన్ని పీలుస్తాయి. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, కొన్ని పొలుసు పురుగులు ఎక్కువైన చక్కెర రసాన్ని తేనెవంటి బంకగా విసర్జిస్తాయి. ఆ బంకపై నల్లని బూజు పెరగడాన్ని మసి తెగులు అంటారు. ఆకులు బొగ్గు పూసినట్లు నల్లగా కనిపిస్తే పైకొమ్మలలో రసం పీల్చే పురుగు ఉన్నదని అర్థం. మసి తెగులుకు శిలీంద్రనాశని చల్లనవసరం లేదు, పురుగు పోతే మసి కూడా పోతుంది.

పిండినల్లి

మందార, అకాలిఫా, క్రోటన్, దేవగన్నేరు మొక్కలపై తెల్లని పిండి చల్లినట్లు కనిపించే మెత్తని పురుగు. తల్లి పురుగుకు రెక్కలు ఉండవు. దూదివంటి సంచిలో వందల గుడ్లు పెడుతుంది. అప్పుడే పొదిగిన పిల్లలు ప్రాకుతూ, గాలికి కొట్టుకొనిపోతూ, చీమల ద్వారా, తోటమాలి కత్తెర ద్వారా ఇతర మొక్కలకు చేరుతాయి. వయసు పెరిగేకొద్దీ వాటిపై మైనపు పొర దట్టమై మందు అంటదు. అందువలన పిల్ల పురుగుల దశలోనే నివారణ చేపట్టాలి.

ఈ ప్రాంత పొదలపై ముఖ్యంగా మూడు జాతులను గురించి తెలుసుకోవాలి. మందార పిండినల్లి (మాకోనెల్లికాకస్ హిర్సుటస్) సోకిన చిగురు ముడుచుకొని గుత్తిగా తయారవుతుంది. పత్తి పిండినల్లి (ఫెనకాకస్ సొలెనాప్సిస్) వీపుపై నల్లని మచ్చల వరుసలు ఉంటాయి. ఇది మందారపైనే కాక ఖాళీ స్థలాలలోని వయ్యారిభామ కలుపుపై కూడా పెరుగుతుంది. బొప్పాయి పిండినల్లి (పారాకాకస్ మార్జినేటస్) దేహం పసుపు రంగులో ఉంటుంది, ఆల్కహాలులో వేస్తే నల్లగా మారుతుంది.

పొలుసు పురుగులు

గులాబి కాండంపై ఎర్రని, గోధుమ రంగు చుక్కలు, గన్నేరు, నూరువరహాల కొమ్మలపై చిన్న బుడిపెలు ఉంటే గోటితో గీరి చూడాలి. గీరితే ఊడివచ్చి అడుగున మెత్తని పురుగు కనిపిస్తే అది పొలుసు పురుగు. తల్లి పురుగు తన పొలుసు క్రింద ఒకేచోట స్థిరంగా ఉంటుంది. ఎక్కువైనపుడు కొమ్మలు చివరినుండి ఎండుతూ వస్తాయి. మందు పనిచేసేది పొలుసు ఏర్పడక ముందు ప్రాకే పిల్లలపై మాత్రమే. ఎక్కువగా పట్టిన కొమ్మలను కోసి తీసివేయాలి. గులాబిని కత్తిరించిన తరువాత మిగిలిన కాండాన్ని మెత్తని గుడ్డతో, సబ్బు నీటితో రుద్ది శుభ్రం చేయవచ్చు.

పేనుబంక

గన్నేరు, జిల్లేడు, నందివర్ధనం చిగుళ్ళపై నిమ్మపండు రంగులో, నల్లని కాళ్ళతో గుంపులుగా కనిపించేది గన్నేరు పేనుబంక (ఏఫిస్ నీరియై). ఇది మగ పురుగు అవసరం లేకుండానే పిల్లలను కంటుంది, కాబట్టి కొద్దిరోజులలోనే చిగురంతా నిండిపోతుంది. గులాబి మొగ్గలపై ఆకుపచ్చ పేనుబంక, మందారపై పత్తి పేనుబంక (ఏఫిస్ గాసిపై) వస్తాయి. గుంపు మధ్యలో ఉబ్బి గోధుమ రంగుకు మారి కదలకుండా ఉన్న పేలు కనిపిస్తే, వాటిలో పరాన్నజీవి కందిరీగ పిల్ల పెరుగుతున్నదని అర్థం. అటువంటి కొమ్మపై మందు చల్లకుండా వారం రోజులు వేచి చూడడం మేలు. తొందరగా ఉంటే నీటి గొట్టంతో ధారగా కొట్టినా చాలావరకు పేలు రాలిపోతాయి.

తెల్లదోమ

ఆకు అడుగున తెల్లని మైనపు పొడి చుట్లు చుట్లుగా ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ (అల్యూరోడైకస్ డిస్పర్సస్). మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతానికి చెందిన ఈ పురుగు మనదేశంలో 1993లో కేరళలో గుర్తించబడింది. జామ, మందార, దేవగన్నేరు, అకాలిఫా మొదలైన ఎన్నో మొక్కలపై బ్రతుకుతుంది. దీని దగ్గరి బంధువైన రూగోస్ తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కొబ్బరిపై కనిపించి తరువాత దక్షిణాది అంతటా వ్యాపించింది. కొబ్బరి చెట్టు క్రింద ఉన్న పొదలపై మసి ఏర్పడితే పైనున్న కొబ్బరి ఆకులను కూడా పరిశీలించాలి.

తామర పురుగులు

కంటికి ఆనని సన్నని పురుగులు. గులాబి మొగ్గలు విచ్చక అంచులు మాడడం, చిగురుటాకులు పైకి ముడుచుకోవడం వీటి గుర్తులు. పొట్టి ఫైకస్ కంచెలలో ఆకులు చిక్కుడుకాయలా మధ్యకు మడతపడి ఎర్రని మచ్చలతో కనిపిస్తే, విప్పి చూడగా లోపల నల్లని తామర పురుగులు ఉంటాయి. మడత లోపలికి మందు చేరదు కాబట్టి అటువంటి చివళ్ళను కత్తిరించి సంచిలో మూటకట్టి తీసివేయడమే నివారణ. 2021లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మిరప రైతులను తీవ్రంగా నష్టపరచిన నల్ల తామర పురుగు (త్రిప్స్ పార్విస్పైనస్) అలంకరణ మొక్కల పూలలో కూడా తలదాచుకుంటుంది.

నమిలి తినే పురుగులు

గొంగళి పురుగులు

నందివర్ధనం, గన్నేరు ఆకులు రాత్రికి రాత్రి మాయమై, క్రింద నల్లని పెద్ద పెంటికలు పడి ఉంటే అది గన్నేరు గద్ద చిమ్మట (డాఫ్నిస్ నీరియై) లార్వా. వేలంత పొడవు, ఆకుపచ్చ రంగు, ముందు భాగాన కళ్ళవంటి నీలి మచ్చలు, తోకవద్ద చిన్న కొమ్ము ఉంటాయి. భయపెట్టేలా ఉన్నా కుట్టదు. ఒక పొదపై నాలుగైదు మాత్రమే ఉంటాయి కాబట్టి చేతితో ఏరివేయవచ్చు.

కరివేపాకు, నిమ్మ ఆకులను తినేది నిమ్మ సీతాకోకచిలుక (పాపిలియో డెమోలియస్) పిల్ల. చిన్న వయసులో పక్షి రెట్టవలె కనిపిస్తుంది, పెరిగిన తరువాత ఆకుపచ్చగా మారుతుంది. తంగేడు ఆకులను కటాప్సిలియా జాతి లేత రంగు సీతాకోకచిలుకల పిల్లలు తింటాయి. గన్నేరు ఆకు క్రింద వెండి పూత పూసినట్లు మెరిసే గూడు వేలాడుతుంటే అది కామన్ క్రో అనే సీతాకోకచిలుక ప్యూపా. ఇవి మన తోటకు అందం తెచ్చేవే. పెద్ద మొక్కలకు వీటివలన ప్రాణహాని లేదు. పాఠశాలలలో వీటిని పురుగుగా చంపడం కంటే రూపపరివర్తన పాఠానికి చూపడం మేలు.

మల్లెలో మొగ్గతొలుచు పురుగు మొగ్గలోకి దూరి లోపలి భాగాలను తిని, ప్రక్క మొగ్గలను దారాలతో కలిపి గూడు కడుతుంది. రంధ్రాలున్న మొగ్గలను ప్రతిరోజూ ఏరి నాశనం చేయాలి.

పెంకు పురుగులు, వేరు పురుగులు

గులాబి రేకులను ఆకీసిటోనియా వంటి పెంకు పురుగులు పగటిపూట తింటాయి. ఆకు అంచులను రంపపు పళ్ళవలె కొరికేవి బూడిద రంగు ముక్కు పురుగులు. ఉదయం చల్లగా ఉన్నపుడు పొద క్రింద గుడ్డ పరచి కొమ్మను కదిపితే ఇవి రాలిపడతాయి.

వేరు పురుగు (హోలోట్రైకియా) చెరకు పొలాలలోను, పూల తోటలలోను ఒకే విధంగా నష్టం చేస్తుంది. తొలకరి వానలకు తల్లి పెంకు పురుగులు నేలనుండి వెలువడి సందెవేళ వేప, తుమ్మ చెట్లపై చేరి ఆకులు తింటాయి. తరువాత నేలలో గుడ్లు పెడతాయి. గోధుమ రంగు తల, తెల్లని ఒళ్ళు కలిగి అర్ధచంద్రాకారంలో ముడుచుకొని ఉండే పిల్ల పురుగులు వేర్లను కొరకడం వలన మొక్క ఉన్నట్టుండి వాడుతుంది, పట్టి లాగితే సులభంగా ఊడివస్తుంది. ఏడాదికి ఒక తరం మాత్రమే కాబట్టి తొలకరిలో మొదటి కొద్ది రాత్రులు చెట్లను కదిపి రాలిన తల్లి పురుగులను కిరోసిన్ కలిపిన నీటిలో వేస్తే ఆ సంవత్సరపు ఉధృతి చాలా తగ్గుతుంది. చివకని పెంట వేసిన చోట ఈ పురుగు, చెదలు రెండూ ఎక్కువవుతాయి.

ఎర్రనల్లి

ఇది కీటకం కాదు. గులాబి, మల్లె ఆకుల అడుగున సన్నని గూడు అల్లి రసం పీలుస్తుంది. ఆకుపై సన్నని తెల్ల చుక్కలు ఏర్పడి క్రమంగా ఆకు రంగు మారుతుంది. దుమ్ము పట్టిన రహదారి ప్రక్క మొక్కలపై ఎక్కువ. ఆకు అడుగు తడిసేలా నీటితో కడగడం, అవసరమైతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లటి వేళలో చల్లడం దీనికి నివారణ. తీవ్రమైన ఎండలో గంధకం చల్లితే ఆకులు మాడుతాయి.

మిత్ర పురుగులు

అక్షింతల పురుగులు, వాటి పిల్లలు, అల్లిక రెక్కల పురుగు (క్రైసోపెర్లా), సిర్ఫిడ్ ఈగ పిల్లలు, సాలెపురుగులు, చిన్న కందిరీగలు తోటలో ఉచితంగా పనిచేసే కాపలాదారులు. వీటిలో క్రిప్టోలీమస్ మాంట్రూజీరి అనే అక్షింతల పురుగు 1898లోనే ఆస్ట్రేలియా నుండి మనదేశానికి తేబడింది. దీని పిల్ల పురుగు పిండినల్లిని తింటుంది. అయితే దానిపై కూడా తెల్లని మైనపు పోగులు ఉండుటచేత చాలామంది దానినే పెద్ద పిండినల్లిగా పొరబడి చంపుతారు. గుర్తు ఏమిటంటే క్రిప్టోలీమస్ పిల్ల చురుకుగా తిరుగుతుంది, పోగులు పొడవుగా ఉంటాయి. పిండినల్లి గుంపుగా, దాదాపు కదలకుండా ఉంటుంది.

చీమలు పిండినల్లి, పేనుబంకల బంక కొరకు వాటిని కాపలా కాసి మిత్ర పురుగులను తరిమివేస్తాయి. అందువలన చీమల దారిని ఆపడం నివారణలో మొదటి మెట్టు. కాండానికి గుడ్డపట్టీ చుట్టి దానిపై వాడిన యంత్రపు గ్రీజు లేదా జిగురు పూయవచ్చు. జిగురును నేరుగా బెరడుపై పూయరాదు.

చెరకు, బొప్పాయి నేర్పిన పాఠాలు

బోధన్ వంటి చెరకు ప్రాంతాలలో మిత్ర పురుగుల వాడకం కొత్త విషయం కాదు. చెరకు పీకపురుగుపై ట్రైకోగ్రామా గుడ్డు పరాన్నజీవి కార్డులను ఆకులకు కట్టే పద్ధతి రైతులకు తెలిసినదే. పైరిల్లా అనే రసం పీల్చే పురుగును ఎపిరికేనియా మెలనోల్యూకా అనే చిన్న చిమ్మట యొక్క పిల్లలు అదుపు చేస్తాయి.

2002లో మహారాష్ట్ర చెరకు తోటలలో తెల్లని ఉన్ని కప్పుకున్న పేనుబంక (సెరటొవాక్యునా లనిజెరా) ఉధృతంగా కనిపించి కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలకు వ్యాపించింది. ఆకు అడుగున లక్షలుగా ఉండే దీనిని మందులతో అదుపు చేయడం ఖర్చుతో కూడిన పని అయింది. ఎత్తైన చెరకులో మందు కొట్టడం కూడా కష్టమే. డైఫా ఎఫిడివోరా అనే చిమ్మట పిల్లలు, మైక్రోమస్ ఇగొరోటస్ అనే పరభక్షి, ఎన్‌కార్సియా అనే కందిరీగ క్రమంగా దీనిని తగ్గించాయి. మందులు ఆపి మిత్ర పురుగులను కాపాడిన చోట ఫలితం మెరుగుగా ఉన్నది.

రెండవ ఉదాహరణ బొప్పాయి పిండినల్లి. మెక్సికో, మధ్య అమెరికాలకు చెందిన ఈ పురుగు 2008లో కోయంబత్తూరులో గుర్తించబడింది. బొప్పాయి, మల్బరీ, టేకు, మందార మొదలైన ఎన్నో మొక్కలను ఆశించింది. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ ప్రాముఖ్య కీటకాల సంస్థ 2010లో ప్యూర్టోరికో నుండి ఎసిరోఫేగస్ పపాయే మొదలైన మూడు పరాన్నజీవి కందిరీగలను తెప్పించి విడుదల చేయించింది. కొన్ని నెలలలోనే పురుగు అదుపులోకి వచ్చింది. ఇటువంటి కందిరీగలు ఇసుక రేణువంత చిన్నవి. ఇంటి పొదపై చల్లిన బలమైన మందు మొదట చంపేది వీటినే.

నివారణ పద్ధతులు

సాగు, యాంత్రిక పద్ధతులు

* నర్సరీ నుండి తెచ్చిన మొక్కను రెండు వారాలు విడిగా ఉంచి పరిశీలించిన తరువాతే తోటలో నాటాలి.
* ఒకే రకం మొక్కను పొడవైన బారుగా నాటకుండా రెండు మూడు రకాలు కలపాలి.
* పొద లోపలికి గాలి, వెలుతురు వచ్చేలా కొమ్మలు కత్తిరించాలి. పురుగు పట్టిన కొమ్మలను ఈడ్చుకొని పోకుండా అక్కడే సంచిలో వేయాలి. కత్తెరను సబ్బు నీటితో కడగాలి.
* గన్నేరు, పచ్చగన్నేరు కొమ్మలను కాల్చరాదు. ఆ మొక్కలు విషపూరితం, పొగ కూడా హానికరం. గుంటలో పూడ్చాలి.
* నత్రజని ఎరువు ఎక్కువైతే చిగురు లేతగా పెరిగి పేనుబంకను ఆకర్షిస్తుంది.
* పరిసరాలలోని వయ్యారిభామను పూతకు ముందే పీకివేయాలి. చేతులకు తొడుగులు వాడాలి.
* తెల్లదోమ, పేనుబంకలకు పసుపు రంగు, తామర పురుగులకు నీలి రంగు జిగురు అట్టలు కట్టాలి.

సబ్బు నీరు, వేప

లీటరు నీటికి 5 గ్రాముల మెత్తని సబ్బు కరిగించి ఆకు అడుగు తడిసేలా చల్లితే పేనుబంక, పిండినల్లి పిల్లలు చనిపోతాయి. తడిసిన పురుగుపై మాత్రమే ఇది పనిచేస్తుంది కాబట్టి వారానికి ఒకసారి, రెండు మూడు మార్లు చల్లాలి. ముందుగా ఒక కొమ్మపై చల్లి ఒక రోజు చూడడం మంచిది.

వేప గింజల కషాయం తయారీ: 50 గ్రాముల ఎండిన వేపపప్పు పొడిని పలుచని గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం మూటను పలుమార్లు పిండి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి అదే రోజు సాయంత్రం చల్లాలి. దీనిని 5 శాతం కషాయం అంటారు. నిలవ ఉంచితే గుణం తగ్గుతుంది. వేపనూనె అయితే లీటరుకు 5 మి.లీ. సబ్బుతో కలిపి వాడవచ్చు. వేప పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పించి, పెరుగుదలను, గుడ్లు పెట్టడాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మరునాడు పురుగు కనిపించినంత మాత్రాన మందు పనిచేయలేదని భావించరాదు.

జీవ నియంత్రణ మందులు

గొంగళి పురుగులకు బాసిల్లస్ థురింజియెన్సిస్ (బి.టి.) పొడిని లీటరుకు 1 గ్రాము చొప్పున సాయంత్రం చల్లాలి. పిండినల్లి, తెల్లదోమలకు లెకానిసీలియం లెకాని శిలీంద్రాన్ని లీటరుకు 5 గ్రాములు గాలిలో తేమ ఉన్న రోజులలో వాడాలి. వేరు పురుగుకు మెటారైజియం శిలీంద్రాన్ని చివికిన పశువుల ఎరువులో కలిపి మొదళ్ళ చుట్టూ వేస్తారు.

రసాయన మందులు

పై పద్ధతులన్నీ చాలని పక్షంలో మాత్రమే, పురుగు ఉన్న మొక్కపై మాత్రమే రసాయనం వాడాలి. కరివేపాకుపైన, పూజకు లేదా తలలో పెట్టుకొనుటకు కోసే పూలపైన, తంగేడుపైన రసాయనం వాడకపోవడమే క్షేమం. పూత సమయంలో తేనెటీగలు తిరిగే ఉదయం వేళ ఏ మందూ చల్లరాదు.

నిషేధించబడిన మందులు, జాగ్రత్తలు

పాత తోటపని పుస్తకాలలో చెప్పిన మందులు కొన్ని నేడు చట్టవిరుద్ధం. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో నిషేధించింది. గులాబి కుండీలలో గుళికలుగా వేస్తూ వచ్చిన ఫోరేట్, ఇళ్ళలో సైతం వాడిన డైక్లోర్‌వాస్ 2020 డిసెంబరు 31 నుండి నిషేధించబడ్డాయి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లోనే ఆదేశం వచ్చింది. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉంటే దానిని వాడరాదు, కాలువలోను, చెరువులోను పారబోయరాదు. వ్యవసాయాధికారి సలహా తీసుకోవాలి.

మందు డబ్బాపై ఉండే త్రికోణపు రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. ఎరుపు, పసుపు గుర్తుల మందులను ఇళ్ళవద్ద, బడులవద్ద వాడరాదు. ఇతర జాగ్రత్తలు:

* మందును శీతల పానీయాల సీసాలలో పోసి ఉంచరాదు. పిల్లలు త్రాగే ప్రమాదం ఉంది.
* పాఠశాలలో మందు చల్లవలసివస్తే సెలవు దినాన చల్లి, ఆ చోట తెలిసేలా హెచ్చరిక పలక పెట్టాలి. విద్యార్థులచేత చల్లించరాదు.
* గాలికి ఎదురుగా చల్లరాదు. చేతి తొడుగులు, ముఖానికి ముసుగు, నిండు చేతుల దుస్తులు ధరించాలి.
* రెండు మూడు మందులను కలిపి చల్లరాదు.
* తలతిరగడం, వాంతి, చూపు మసకబారడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్ళాలి.

కాలానుగుణంగా చేయవలసిన పనులు

* వేసవి (మార్చి - మే): పిండినల్లి, ఎర్రనల్లి పరిశీలన. ఆకులపై నీరు కొట్టడం, చీమలను ఆపడం.
* తొలకరి (మృగశిర కార్తె ప్రాంతం): వేరు పురుగు తల్లులను పట్టడం, చివికిన ఎరువు వేయడం.
* వానాకాలం (జూలై - సెప్టెంబరు): గొంగళి పురుగులను ఏరడం, వయ్యారిభామ తొలగింపు.
* బతుకమ్మకు ముందు: తంగేడు, పూల మొక్కలపై ఏ రసాయనమూ చల్లకపోవడం.
* చలికాలం (నవంబరు - ఫిబ్రవరి): పేనుబంక పరిశీలన, గులాబి కత్తిరింపు, పొలుసు పురుగు కొమ్మల తొలగింపు.

సలహా లభించే చోట్లు

బోధన్ సమీపంలోని రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. పురుగు సోకిన కొమ్మను మూసిన ప్లాస్టిక్ సంచిలో తీసుకొనిపోయి చూపవచ్చు. తెరచి తీసుకొనిపోతే దారిలో పురుగు వ్యాపిస్తుంది. దేశవ్యాప్త కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరుపై తెలుగులో కూడా ఉచితంగా సలహా ఇస్తారు. పురుగు కనిపించిన మొక్క పేరు, పురుగు ఉన్న భాగం, రంగు, కదలిక, చీమలు ఉన్నవా లేవా అనే ఐదు విషయాలు ముందుగా వ్రాసుకుంటే సలహా సరిగా లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* సమగ్ర సస్యరక్షణ
* పిండినల్లి
* వేప
* తంగేడు
* చెరకు
* బోధన్
* నిజామాబాదు జిల్లా